ఎర్ర గడిలో సున్నా

మీ ముందున్న తెర మీద ఒక విద్యార్థి పేరు పక్కన ఎర్ర గడి కనిపించినప్పుడు, ఆ మనిషితో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఎన్నిసార్లు తీర్పు చెప్పారు మీరు? గుర్తులేదా? నాకు గుర్తుంది. రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతుంటే నా ముందున్న కాగితాన్ని ఒక అమ్మాయి లాగేసుకుంది. ఇది ఆ అమ్మాయి గురించి రాస్తున్నది.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేనూ ఫ్యాక్టరీలోనే శిక్షణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేస్తూనే, సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగి బాబాల మహిమల గుట్టు బయటపెట్టేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించి ఇందులో దేవుడెక్కడున్నాడో చూపించమని అడిగేవాణ్ణి. జాతకాల మీద సవాలు విసిరి, సభలో జ్యోతిష్యుల నోరు మూయించేవాణ్ణి. చూడకుండా నమ్మకండి, పరీక్షించకుండా ఒప్పుకోకండి అని ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు.

రిటైరయ్యాక ఇక్కడి ఒక ప్రైవేటు కాలేజీ నన్ను పాఠాలు చెప్పమని పిలిచింది. మందుల కంపెనీల్లో కింది పనులు చేసేవాళ్ళ కోసం ఏడాదిపాటు ఆన్‌లైన్‌లో నడిచే సర్టిఫికెట్ కోర్సు అది. పాసైతే మందు నాణ్యతను పరీక్షించే ల్యాబులో సహాయకులుగా చేరవచ్చు. తూకాలు, కొలతలు, దశాంశాలు, ద్రావణాన్ని పలచన చేసే లెక్కలు నా వంతు. ఇస్నాపూర్ చౌరస్తాకు దగ్గర్లో ఒక గదిలో కెమెరా ముందు నిలబడి చెప్తే, రికార్డు చేసి వెబ్‌సైటులో పెట్టేవారు. విద్యార్థులు షిఫ్టుల్లో ఉంటారు కాబట్టి ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు ఫోన్‌లో చూసుకోవాలి.

ఆ వెబ్‌సైటును కాలేజీలో అందరూ ఎల్ఎంఎస్ అంటారు. పాఠం, పరీక్ష, మార్కులు అన్నీ అందులోనే. ఎవరు ఏ రోజు లోపలికి వచ్చారు, ఏ వీడియో ఎన్ని నిమిషాలు చూశారు, వారం వారం పెట్టే చిన్న పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయి అన్నది అదే రాసుకుంటుంది. సోమవారం ఉదయానికి రిపోర్టు తయారు. బాగా చూసినవాళ్ళకు ఆకుపచ్చ గడి, ఒక మాదిరిగా చూసినవాళ్ళకు పసుపు, చూడనివాళ్ళకు ఎరుపు. నాలుగు వారాలు వరసగా ఎర్ర గడి వస్తే ఫోన్‌కు ఒక హెచ్చరిక మెసేజ్ పోతుంది. జవాబు లేకపోతే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే చివరి పరీక్ష రాయనివ్వరు.

ఆ రిపోర్టు మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోను. హాజరు పట్టీలో ఒకడి బదులు ఇంకొకడు పలికే రోజులు చూసినవాణ్ణి. ఇదిగో ఎదురుగా సాక్ష్యం, ఇందులో మొహమాటం లేదు, కులం లేదు, సిఫారసు లేదు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. తప్పు దాన్ని నేను చదివిన పద్ధతిలో ఉంది.

ఇక ఆ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తల్లి. విద్యార్థులు ఎంతవరకు వచ్చారో చూసుకోవడం ఆమె ఉద్యోగం. సంగారెడ్డిలో టీచర్ల ఇంట్లో పుట్టింది. ఇంటిల్లిపాదీ చర్చికి పోతారు. టీ తాగేటప్పుడు మా ఇద్దరికీ వాదన తప్పేది కాదు. దేవుణ్ణి కొలిచే గజం చూపించమని నేనడిగితే, అన్నిటికీ ఒకటే గజం పట్టుకొని తిరిగేది మీరు ఒక్కరే సార్ అని నవ్వేది. వాదనలో నేనే గెలిచానని అప్పట్లో నా నమ్మకం.

ఆమె పని పద్ధతి చూస్తే మొదట్లో నాకు విసుగనిపించేది. అందరం తెర మీద రంగులు చూసి ముగించేవాళ్ళం. ఆమె మాత్రం రిపోర్టును ప్రింటు తీసి, స్టీలు స్కేలును ఒక్కో వరస కింద పెట్టి, పెన్సిలుతో పక్కన ఏదో రాసుకుంటూ చదివేది. ఫోన్ చేసినవాళ్ళకు చిన్న గీత, రెండోసారి చేసినవాళ్ళకు ఇంకో గీత. కంప్యూటర్ చేసిపెట్టిన పనిని మళ్ళీ చేత్తో చేయడమేమిటని ఒకసారి అడిగాను. కంప్యూటర్ రాసి పెడ్తది సార్, చదివేది మనమే గదా అంది. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు.

పేర్లు కొట్టేయాల్సినవాళ్ళ మూడో జాబితా వచ్చింది. అందులో ఒక స్త్రీ పేరు దగ్గర కోర్సు ఇన్‌చార్జి ఆగాడు. జిన్నారం వైపు ఒక కంపెనీలో డ్రమ్ములు కడిగే విభాగంలో పనిచేస్తుంది. ఐదు వారాలుగా వీడియో చూసిన నిమిషాలు సున్నా. పరీక్షల్లో మాత్రం పదికి ఎనిమిది, తొమ్మిది. హెచ్చరిక మెసేజ్‌కు జవాబు లేదు.

నేను క్షణం ఆలోచించలేదు. పాఠం వినకుండా తొమ్మిది మార్కులు ఎలా వస్తాయి, కాపీ కొట్టి ఉండాలి, ఇంకేముంది అన్నాను. ఇలాంటివాళ్ళను వదిలేస్తే మిగతావాళ్ళ చదువుకు విలువేముంటుందని కూడా అన్నాను. ఇన్‌చార్జి తలూపాడు. కాగితం నా ముందుకు జరిపాడు. పాఠాలు చెప్పేవాళ్ళలో పెద్దవాణ్ణి కాబట్టి మొదటి సంతకం నాదే. కలం మూత తీశాను.

"ఆగుండ్రి సార్," అంటూ ఆ అమ్మాయి కాగితం లాగేసుకుంది. "ఆమె పరీక్ష ఎట్ల రాసిందో చూసిండ్రా?"

మార్కులు చూశానన్నాను.

"మార్కులు గాదు. రాసిన తీరు."

రిపోర్టు కింద ఇంకో రిపోర్టు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక్కో ప్రశ్న దగ్గర విద్యార్థి ఎంతసేపు ఉన్నదీ, జవాబు ఎన్నిసార్లు మార్చుకున్నదీ అందులో ఉంటుంది. పేరు మీద నొక్కి, ఇంకోచోట నొక్కి, ఆమె ఆ పేజీ తెరిచింది. పలచన చేసే లెక్క, నేను తయారుచేసిన ప్రశ్నే. ఆ స్త్రీ దాని దగ్గర తొమ్మిది నిమిషాలు ఉంది. మొదట ఒక జవాబు పెట్టింది, మార్చింది, మళ్ళీ మార్చింది. మూడోది సరైనది.

"కాపీ కొట్టేటోళ్ళు తొమ్మిది నిమిషాలు పరేషాన్ అయితరా సార్," అంది ఆమె. "చూస్తరు, నొక్కుతరు, అయిపాయె."

అయినా వెంటనే ఒప్పుకోలేదు. మరి పాఠం ఎక్కడ నేర్చుకుంది, కలలోనా అన్నాను. ఆమె నవ్వలేదు. ఇంకో పేజీ తెరిచింది. అదే కంపెనీలో పనిచేసే ఇంకో విద్యార్థిని. ఆమె గడి ముదురు ఆకుపచ్చ. నా పదిహేను నిమిషాల పాఠాన్ని ఆమె గంటకు పైగా చూసింది. ఆపింది, వెనక్కి తిప్పింది, మళ్ళీ ఆపింది, ఒక్కచోటే నాలుగుసార్లు. ప్రతి వారం అంతే. ప్రతి వారం ఆదివారమే. మధ్యాహ్నం రెండింటికి మొదలు.

ఒక్క మనిషి ఒక్క పాఠాన్ని ఇన్నిసార్లు ఆపదని మా కాలేజీ అమ్మాయి ఊహ. అక్కడ ఇంకా ఎవరో ఉన్నారు. ఊహ సరిపోదని కూడా ఆమే అంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, ఎందుకంటే కంపెనీ లోపలికి ఫోన్ పోనివ్వరు. నిప్పు అంటుకునే ద్రావకాలు ఉంటాయి కాబట్టి గేటు దగ్గరే లాకర్లో పెట్టేయాలి. సోమవారం దాకా గడువు ఇవ్వండి, ఆదివారం ఆ ఆకుపచ్చ గడి ఆమె ఇంటికి పోయి చూసొస్తాను అని ఇన్‌చార్జిని అడిగింది. ఆయన మొహం చిట్లించి, సరేనన్నాడు.

నేనూ వస్తానన్నాను. సత్యశోధన అని కాదు, ఆమె ఊహ తప్పని తేలితే ఎదురుగా ఉండి చూద్దామని. ఆ బుద్ధిని ఇక్కడ రాసిపెట్టడం నాకు సంతోషంగా లేదు.

ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చి నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుంది. లారీ ట్యాంకర్ల మధ్యనుంచి జిన్నారం వైపు పోతుంటే, గాలి తిరిగినచోటల్లా గొంతులోకి ఘాటు కొట్టేది. ఊరి చివర రేకుల ఇల్లు. బయట నాలుగైదు జతల చెప్పులు. మేము దగ్గరకు పోయేసరికి లోపలినుంచి నా గొంతే వినిపించింది.

"పది మిల్లీలీటర్ల ద్రావణానికి..." అంటున్నాను నేను, లోపల.

తర్వాత నా గొంతు ఆగిపోయింది. ఇంకో గొంతు, ఆడమనిషిది, కొంచెం బొంగురుది, అందుకుంది: "సార్ జెర జల్దీ జల్దీ చెప్పిండు. మనం మెల్లగ పోదాం."

గుమ్మం దగ్గరే ఆగిపోయాం. గోడకు బైబిల్ వాక్యాల క్యాలెండర్. అరమీద బైబిల్. ప్రార్థన అయిపోయినట్టుంది, చాపలు అలాగే పరిచి ఉన్నాయి. పప్పు డబ్బాకు ఆనించి ఒక ఫోన్, తెర మీద నోరు తెరిచి ఆగిపోయిన నేను. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు నోటుపుస్తకాలతో. వాళ్ళ ముందు నలభై ఏళ్ళ మనిషి ఒకామె. చేతుల చర్మం తెల్లగా పగిలి ఉంది. పక్కన పాలు పోయని టీ డికాక్షన్ గిన్నె, నీళ్ళ చెంబు, కొన్ని గాజు గ్లాసులు. చేతిలో దగ్గు మందు సీసా మీది ప్లాస్టిక్ మూత, గీతలు ఉన్నది.

ఆమె ఆ మూతతో పది గీత దాకా డికాక్షన్ కొలిచి గ్లాసులో పోసింది. అదే మూతతో తొమ్మిదిసార్లు నీళ్ళు కొలిచి పోసింది, పైకి లెక్కపెడుతూ. గ్లాసు తేనె రంగులోకి వచ్చింది. అందులోంచి మళ్ళీ పది తీసి ఇంకో గ్లాసులో పోసి, మళ్ళీ తొమ్మిదిసార్లు నీళ్ళు. రెండో గ్లాసులో రంగు ఉందా లేదా అన్నట్టుంది.

"ఇగో, మొదలు పదింతలు పలసగైంది. ఇప్పుడు ఎన్నింతలు?" అని అడిగింది.

ముగ్గురిలో చిన్నామె ఇరవై అంది.

"ఇరవై అయితే రంగు గింత పోతదా? కండ్లు పెట్టి సూడు."

ఆ పిల్ల గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది. కాసేపయ్యాక వంద అంది మెల్లగా.

ముప్పై ఏళ్ళు నేను ఆ లెక్క చెప్పాను. నల్లబల్ల మీద సున్నాలు రాసి చెప్పాను. ఇరవై అన్నవాణ్ణి మందబుద్ధి అన్నాను కూడా. ఒక దగ్గు మందు మూత, టీ డికాక్షన్ చాలునని నాకెన్నడూ తట్టలేదు.

అప్పుడు మమ్మల్ని చూశారు. ఒక్కసారి అందరూ లేచి, కొంగులు సర్దుకొని, కుర్చీలు వెతికారు. ఫోన్‌లో ఉన్న సారు గుమ్మంలోకి వచ్చాడని చిన్నామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆకుపచ్చ గడి ఆమె ఆ ఇంటామే, ఫోన్ ఆమెదే. డికాక్షన్ పోస్తున్న మనిషి వైపు చూపించి, "మా వదిన డ్యూటీల డ్రమ్ములు కడుగుతది, ఇంటికాడ మమ్ముల కడుగుతది సార్," అంది. అందరూ నవ్వారు.

కాగితంలో సున్నా ఉన్న మనిషి ఆ వదినే.

మా కాలేజీ అమ్మాయి ఆమెకు విషయం మెత్తగా చెప్పింది. పాఠాలు చూడనట్టు రిపోర్టులో ఉందనీ, పేరు కొట్టేసే జాబితాలో చేరిందనీ. నవ్వులు ఆగిపోయాయి. ఆ స్త్రీ చేతిలోని మూతను గ్లాసు పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"నా ఒక్కదానిదేనా?"

"మిగిలిన ఇద్దరిది వచ్చే వారం."

"ఒక్క ఫోన్ల తెరిస్తే నలుగురం సూసినట్టే గదా మేడం," అంది ఆమె. "నాలుగు తెరిస్తే నాలుగు గొంతులు. ఏం వినవడ్తది?"

ప్రార్థనకు అందరూ ఒకే ఇంట్లో కూడినట్టు పాఠానికీ కూడారు. ఒకరు పుస్తకం తెరిచి చదివితే అందరూ విన్నట్టే అన్న అలవాటు వాళ్ళది. పరీక్ష దగ్గర మాత్రం అలా కాదు. ఎవరి ఫోన్‌లో వాళ్ళు, ఎవరి తీరికలో వాళ్ళు, షిఫ్టు బస్సులో ఒకరు, వంటయ్యాక ఒకరు రాశారు. పరీక్ష అంటే ఎవరిది వాళ్ళే రాయాలె, గది మాకు తెల్వదా అని ఆమె కొంచెం రోషంగానే అంది. మెసేజ్ సంగతి అడిగితే ఫోన్ తెచ్చి చూపించింది. వచ్చింది. ఇంగ్లీషులో వచ్చింది. కంపెనీల ప్రకటనల మధ్య ఉంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"మూడేండ్ల సంది డ్రమ్ములే సార్. నేను కడిగే కాడికెల్లి ల్యాబు అద్దం కనవడ్తది. లోపట వాళ్ళు గ్లాసు పైకెత్తి సూస్తరు. ఏం సూస్తుండ్రో ఇప్పుడు నాకు తెలుసు. గీ పరీక్ష రాయకపోతే, తెలిసి కూడ బయటనే నిలవడాలె."

నేను తల దించుకున్నాను. ఆమె చేతులు కనిపించాయి.

ఇప్పుడు మీకొక ప్రశ్న. గ్రహాల గడులు చూసి పెళ్ళి ఆపే జ్యోతిష్యుణ్ణి నేను సభల్లో నిలబెట్టి అడిగేవాణ్ణి కదా, ఆ పిల్లను చూశావా, మాట్లాడావా అని? ఎర్ర గడి చూసి చదువు ఆపబోయిన నాకూ వాడికీ తేడా ఎక్కడుంది? వాడి గడి కల్పన, నా గడి నిజం. నిమిషాలు సున్నా అన్నది నిజమే, యంత్రం అబద్ధమాడలేదు. ఆమె ఫోన్‌లో వీడియో తెరవలేదని మాత్రమే అది చెప్పింది. ఆమె చదవడం లేదని చెప్పింది నేను. నిజం నుంచి నేరుగా మూఢనమ్మకంలోకి నడిచాను, అదీ శాస్త్రం చేయి పట్టుకొని నడుస్తున్నాననే గర్వంతో.

బయటికి వచ్చాక నా నోటి నుంచి ఇంకో తప్పు వచ్చింది. రేపు పొద్దున్నే ఆమె పేరు పక్కన కొన్ని నిమిషాలు మనమే వేయించేద్దాం, ఎవరడుగుతారు అన్నాను. పశ్చాత్తాపంలో ఉన్నవాడికి అడ్డదారి తొందరగా కనిపిస్తుంది. స్కూటర్ తాళం తిప్పబోతున్న ఆమె ఆగింది.

"అబద్ధం మనమే రాస్తే, ఇగ రేపు దాన్ని ఎట్ల నమ్మాలె సార్? మీరే గదా అంటరు, పరీక్షించి ఒప్పుకోవాలె అని. పరీక్షిద్దాం."

సోమవారం ఇన్‌చార్జి ముందు ఆమె అదే చెప్పింది. నిమిషాలు మార్చవద్దంది. నలుగురినీ విడివిడిగా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, నన్నే ప్రశ్నలు అడగమంది. ఆదివారం పాఠాన్ని కలిసి చూస్తున్నామని వాళ్ళే తెలుగులో రాసిచ్చిన కాగితాన్ని రిపోర్టుకు జతచేస్తానంది. ఇన్‌చార్జి సణిగాడు. నిబంధన నిబంధనే, ఇవాళ నలుగురంటారు, రేపు నలభైమంది అంటారు అన్నాడు. నలభైమంది కూర్చొని చదివితే మంచిదే గదా సార్ అంది ఆమె. ఆయన నా వైపు చూశాడు. ఆయన ఆశించిన మద్దతు నేను ఇవ్వలేదు.

నలుగురినీ అడిగాను. కావాలని కఠినమైనవే అడిగాను. చిన్నామె రెండుచోట్ల తడబడింది. వదిన ఒక్కచోట తప్పు చెప్పింది, చెప్పిన వెంటనే తానే పట్టుకొని, ఆగుండ్రి సార్, మల్లా చెప్త అంది. జాబితా నుంచి ఆ పేరు తీసేశారు.

ఆ వారమే మా కాలేజీ అమ్మాయి మొత్తం రిపోర్టును కొత్తగా చదవడం మాకు నేర్పింది. ఆకుపచ్చ గడుల్లోనూ పెన్సిలు పెట్టింది. వారానికి మూడు గంటలు వీడియో చూసినట్టున్న ఒకతను పరీక్షలో ప్రతి ప్రశ్నకూ నాలుగైదు సెకన్లలో జవాబు నొక్కి సున్నాలు తెచ్చుకుంటున్నాడు. ఫోన్ చేస్తే ఒప్పుకున్నాడు: వీడియో పెట్టి వంట చేసుకుంటున్నాడు, బిహార్ నుంచి వచ్చిన మనిషి, నా తెలుగు సగం అర్థం కాదు. మేము ఇన్నాళ్ళూ అతన్ని చూసి మురిసిపోయాం. ఇప్పుడు వారానికోసారి ఆమె అతనితో హిందీలో మాట్లాడుతుంది. హెచ్చరిక మెసేజులు తెలుగులోకి, హిందీలోకి వచ్చాయి. ఫోన్ చేసి మాట్లాడనిదే ఏ పేరూ కొట్టేయకూడదన్న నిబంధన వచ్చింది. ఈ మార్పులన్నీ ఆమె ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా, స్కేలు, పెన్సిలు పట్టుకొని తెచ్చింది. ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, అది ఎంత కష్టమో నాకు తెలుసు.

వదిన పరీక్ష రాసింది. క్లాసులో మొదటి మార్కులేమీ రాలేదు, మధ్యలో వచ్చాయి. ఇప్పుడు అదే కంపెనీలో ల్యాబు అద్దానికి లోపలి వైపు పనిచేస్తోంది. ఆమె పాత రిపోర్టు మా కాలేజీ అమ్మాయి ఫైల్లో ఉంది. ఎర్ర గడి అలాగే ఉంది, సున్నా అలాగే ఉంది. పక్కన పెన్సిలుతో ఇలా రాసి ఉంది: "ఆదివారం రెండింటికి, ఆడపడుచు ఫోన్‌లో. మిగతా ముగ్గురికి చెప్పేది ఈమె."

అది చదివిన రోజు నేను సంతకం పెట్టిన మొదటి రెండు జాబితాలు అడిగి తీసుకున్నాను. వరసగా ఫోన్ చేశాను. కొన్ని నంబర్లు పనిచేయడం లేదు. ఇద్దరు నిజంగానే చదువు మానేశామన్నారు. బొంతపల్లి దగ్గర పనిచేసే ఒకతను ఎత్తాడు. అప్పట్లో అతని ఫోన్ నీళ్ళ తొట్టిలో పడిపోయిందట. ఇంకోటి కొనుక్కొని తెరిస్తే సైటు లోపలికి రానివ్వలేదట.

"కోర్సే బందైందనుకున్న సార్," అన్నాడు.

నా సంతకంతో బందైందని అతనికి చెప్పాను. అయితే ఇప్పుడు మల్లా చేరొచ్చా అని అడిగాడు. మా కాలేజీ అమ్మాయి అతన్ని కొత్త బ్యాచ్‌లో చేర్చింది. పనిచేయని నంబర్ల వెనక ఎవరున్నారో, వాళ్ళ సున్నాల వెనక ఏముందో నాకు ఇక తెలియదు.

మీకు ఇంకా తెలుసుకునే వీలుంది. వచ్చే సోమవారం రిపోర్టు తెరవండి. ఎర్రగా ఉన్న మొదటి పేరు దగ్గర ఆగండి. ఆ మనిషి పరీక్ష ఎలా రాశాడో ఒక్కో ప్రశ్నా తెరిచి చూడండి. తర్వాత ఫోన్ చేయండి. ఎత్తకపోతే, అది గేటు దగ్గర లాకర్లో ఉందేమో, షిఫ్టు వదిలాక మళ్ళీ చేయండి. అప్పటిదాకా కలం మూత తీయకండి.